‘చదివాక కూడా పూలే కొయ్యాలా?’: ఆనందపురం వైపు ఒక ఉన్నత పాఠశాలలో వ్యవసాయ విద్యపై పిల్లల వైఖరి

ఈ కేస్ స్టడీ విశాఖపట్నం జిల్లాలో ఆనందపురం వైపున్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు సంబంధించినది. అక్కడ నేను సమగ్ర శిక్ష పథకం కింద తొమ్మిది, పది తరగతులకు వ్యవసాయాన్ని వృత్తి విద్యగా బోధిస్తున్నాను. ఒకే బ్యాచ్‌ను తొమ్మిదో తరగతిలో చేరినప్పటి నుంచి పదో తరగతి పూర్తయ్యేదాకా రెండేళ్లు దగ్గర నుంచి చూశాను. వ్యవసాయం చదవడం పట్ల ఆ పిల్లల వైఖరి ఎలా ఉంది, ఎందుకు అలా ఉంది, దేని వల్ల మారింది, దేని వల్ల మారలేదు అన్నవే ఇందులోని ప్రశ్నలు. పిల్లల గుర్తింపు తెలియకూడదు కనుక పాఠశాల పేరు, ఊరి పేరు, పిల్లల పేర్లు రాయడం లేదు.

ఊరు, పొలం, నగరం

2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా మూడుగా విడిపోయినప్పుడు చెరకు, బెల్లం అనకాపల్లి జిల్లాకు, కాఫీ, మిరియాల తోటలు అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లాయి. ఇప్పటి విశాఖ జిల్లాలో పొలమంటే ప్రధానంగా ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం, పెందుర్తి వైపే. ఇక్కడ పండే వంగ, బెండ, బీర, ఆకుకూరలు తెల్లవారేసరికి ఎంవీపీ కాలనీ, మధురవాడ రైతుబజార్లకు చేరిపోతాయి. ఆనందపురం పూల మార్కెట్‌కు మల్లె, చామంతి, బంతి, కనకాంబరం మూటలు చీకటితోనే వస్తాయి. అదే రోడ్డు పక్కన, అదే పొలాల మధ్య, లేఅవుట్ల రాళ్లు ఏటేటా పెరుగుతున్నాయి. మా తరగతిలో ఒక బెంచీ మీద పూల రైతు కూతురు, పక్కనే కౌలు రైతు కొడుకు, వాళ్ల వెనుక పొలం అమ్మేసిన కుటుంబంలోని అబ్బాయి కూర్చుంటారు. సెంటు భూమి అన్న మాట ఈ ముగ్గురికీ మూడు రకాలుగా వినిపిస్తుంది. మొదటి ఏడాది నాకు ఈ సంగతి తట్టలేదు.

ప్రశ్నావళి చెప్పని సంగతి

వైఖరిని కొలవడానికి లైకర్ట్ పద్ధతి వాడాలనుకున్నాను. 1932 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి అది. ఒక్కో వాక్యానికి ‘పూర్తిగా అంగీకరిస్తున్నాను’ నుంచి ‘అసలు అంగీకరించను’ వరకు ఐదు గడులు ఉంటాయి. ‘రైతు దేశానికి వెన్నెముక’, ‘వ్యవసాయం గౌరవప్రదమైన వృత్తి’, ‘వ్యవసాయం గురించి చదవడం నాకు ఇష్టం’ వంటి వాక్యాలు రాసి తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లకూ ఇచ్చాను. దాదాపు అందరూ మొదటి గడిలోనే టిక్కు పెట్టారు. ఆ కాగితాలు చూసి నేను సంతోషించాను. వారం తిరిగేసరికి ఆ సంతోషం తప్పని తెలిసింది.

పిల్లలు వ్యాసరచన పోటీకి రాసినట్టే ప్రశ్నావళికీ రాశారు. ‘రైతే రాజు’ అని ఆరో తరగతి నుంచి రాసి రాసి వాళ్ల చేతికి అలవాటైన మాట అది. అడిగింది వ్యవసాయం టీచర్ కనుక ఆమెకు నచ్చే జవాబు ఏదో కూడా వాళ్లకు తెలుసు. నా వాక్యాల్లో మరొక పెద్ద లోపం కూడా ఉంది. వ్యవసాయాన్ని గౌరవించడం, వ్యవసాయం చేయడం, వ్యవసాయం చదవడం అనే మూడు వేర్వేరు విషయాలను ఒకే కట్టగా కట్టి అడిగాను.

రెండోసారి ప్రశ్న మార్చాను. ‘మీ తమ్ముడో చెల్లెలో పదో తరగతి అయ్యాక వ్యవసాయ డిప్లొమాలో చేరతానంటే ఏమని చెబుతారు? పేరు రాయకుండా నాలుగు వాక్యాలు రాయండి’ అన్నాను. ఈసారి మరో రకం కాగితాలు వచ్చాయి. ‘వద్దని చెబుతాను, మా నాన్న పడుతున్నది చాలు’ అని ఒకరు, ‘మార్కులు తక్కువొస్తే చేరమంటాను’ అని ఒకరు, ‘పొలం పని నేర్చుకోడానికి కాలేజీ దేనికి, ఇంట్లోనే ఉంది కదా’ అని మరొకరు రాశారు. ‘సదువు రాకపోతే గేదెలు కాసుకోడానికే అని మేస్టారు అంటారు, సదువొచ్చినోళ్లు కూడా అక్కడికే ఎందుకెళ్లడం’ అని ఒక కాగితంలో ఉంది. ఆ వాక్యాన్ని చాలాసార్లు చదువుకున్నాను. చదువుకు శిక్షగా పొలాన్ని చూపిస్తున్నది మనమే. ఎనిమిదో తరగతి సామాన్య శాస్త్రంలో పంట ఉత్పత్తి, నిర్వహణ అనే పాఠం ఉంది, తొమ్మిదిలో ఆహార వనరుల అభివృద్ధి ఉంది. పాఠం చెప్పే నోటితోనే గేదెలు కాసుకోమంటే పిల్లలు ఏది నమ్మాలి?

మా బడితోటలో కూడా అదే జరిగేది. ఆలస్యంగా వచ్చినవాళ్లు, హోంవర్క్ చేయనివాళ్లు తోటలో గాబు (కలుపు) తీయాల్సి వచ్చేది, మొక్కలకు నీళ్లు పోయాల్సి వచ్చేది. ఎప్పటి నుంచో ఉన్న అలవాటు అది; ఎవరూ చెడ్డ ఉద్దేశంతో పెట్టింది కాదు. నేను ప్రధానోపాధ్యాయులకు ఆ కాగితాలు చూపించి, తోటపనిని శిక్షగా వేయవద్దని కోరాను. ఆయన ఆ రోజే ఒప్పుకున్నారు. స్టాఫ్ రూములో మాటలు మారడానికి మాత్రం చాలా కాలం పట్టింది. కొందరి విషయంలో ఇంకా మారలేదు.

పూల రైతు కూతురు

తరగతిలో మొక్కల గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన అమ్మాయి, వ్యవసాయం పీరియడ్ అంటే అందరికన్నా తక్కువ ఇష్టం ఉన్న అమ్మాయి ఒకరే. మల్లె మొగ్గ విచ్చకముందే కోయాలి. సీజనులో ఆమె తెల్లవారుజామున తల్లితోపాటు తోటలోకి వెళ్లి, మూట మార్కెట్‌కు పంపాక తయారై బడికి వస్తుంది. మొదటి పీరియడ్‌లో కళ్లు మూతలు పడుతుంటాయి. వంగ మొక్క కొమ్మ చివర వాలిపోయి ఉంటే, లోపల పురుగు ఉందని, ఆ కొమ్మను తుంచి దూరంగా పారేయాలని నేను చెప్పకముందే ఆమెకు తెలుసు. మొవ్వు, కాయ తొలిచే పురుగుకు మా పుస్తకం చెప్పే మొదటి నివారణ కూడా అదే.

ఒకరోజు పదో తరగతి తరువాతి దారుల గురించి చెబుతున్నాను. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా ఉందని, దాని తరువాత అగ్రిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌కు వెళ్లవచ్చని, ఇంటర్ బైపీసీ చదివినవాళ్లు ఈఏపీసెట్ ద్వారా అదే నాలుగేళ్ల డిగ్రీలో చేరవచ్చని బోర్డు మీద రాశాను. ఆ అమ్మాయి లేచి, ‘మేడమ్, అదంతా చదివాక కూడా పూలే కొయ్యాలా?’ అని అడిగింది. తరగతి నవ్వింది గానీ ఆమె నవ్వలేదు.

ఆ ప్రశ్నకు ఆ రోజు నేను ఉద్యోగాల జాబితా చదివాను. గ్రామ వ్యవసాయ సహాయకులు, వ్యవసాయ అధికారి, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్, విత్తన కంపెనీలు అంటూ చెప్పుకుపోయాను. అవన్నీ నిజమే కానీ ఆమె అడిగినదానికి జవాబు కావు. తన ఇంట్లో లెక్కకు రాని చాకిరీ ఈ చదువుకు కనబడుతుందా లేదా అన్నది ఆమె ప్రశ్న. దానికి జవాబు నాలుగు నెలల తరువాత, జమాఖర్చుల పుస్తకంలో దొరికింది.

తోటలో లెక్కలు

తొమ్మిదో తరగతి పాఠ్యక్రమం వంగ కుటుంబపు పంటల సాగు మీద నడుస్తుంది: టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప. బడి వెనుక దొరికిన స్థలంలో ఒక సెంటు కొలిచి వంగ వేద్దామన్నాను. ఎన్ని నారు మొక్కలు కావాలో ముందు లెక్క కట్టమన్నాను. సెంటు అంటే సుమారు 40.5 చదరపు మీటర్లు. వరుసల మధ్య 60, మొక్కల మధ్య 60 సెంటీమీటర్లు వదిలితే ఒక్కో మొక్కకు 0.36 చదరపు మీటర్లు, కాబట్టి 112 మొక్కలు. పొలం అమ్మేసిన కుటుంబంలోని అబ్బాయి ఆ లెక్క ముందుగా చేశాడు. తీరా నాటాక 96 మాత్రమే పట్టాయి. గట్టును, నీటి కాలువను ఎవరూ లెక్కలో వేయలేదు. ఆ పదహారు మొక్కల తేడా మీద ఒక పీరియడ్ మొత్తం చర్చ జరిగింది. కౌలు రైతు కొడుకు ‘కాలవ లేకుండా కాపెలా వస్తాది?’ అని చాలా నెమ్మదిగా, కోపం లేకుండా అన్నాడు. మార్కుల్లో వెనుక ఉండే ఆ అబ్బాయి మాటను తరగతి మొత్తం శ్రద్ధగా వినడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఎరువుల దగ్గర ఇంకొక మంచి ప్రశ్న వచ్చింది. ఖాళీ బస్తాలు తెచ్చి గోడకు ఆనించాను. యూరియా మీద 46 అని ఉంది, డీఏపీ మీద 18–46 అని ఉంది. ‘రెండింట్లోనూ 46 ఉంటే రెండూ ఒకటే కదా, మరి డీఏపీకి ఎక్కువ డబ్బు ఎందుకు తీసుకుంటున్నారు?’ అని ఒక అమ్మాయి అడిగింది. యూరియాలోని 46 నత్రజని శాతమని, డీఏపీలో 18 నత్రజని, 46 భాస్వరమని చెప్పాను. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుందని వాళ్లే లెక్క తేల్చారు. ఆ సాయంత్రం నలుగురైదుగురు పిల్లలు ఇంట్లో ఉన్న బస్తాల మీది అంకెలు రాసుకుని మర్నాడు తెచ్చారు. తన తండ్రి ఏళ్లుగా వాడుతున్న బస్తా మీది అంకె అర్థం బిడ్డకు తెలియడం చిన్న విషయం కాదు. ‘పొలం పని నేర్చుకోడానికి కాలేజీ దేనికి’ అన్న మాట మళ్లీ వినిపించలేదని చెప్పను గానీ, ఆ మాట అన్నవాళ్లకు జవాబు చెప్పేవాళ్లు తరగతిలోనే తయారయ్యారు.

అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చింది జమాఖర్చుల పుస్తకం. తోటకు పెట్టిన ఖర్చు, వచ్చిన కాయల విలువ వారం వారం రాయమన్నాను. నారు, ఎరువు, పురుగులను పట్టే జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు రాశారు. కాయలకు రైతుబజారు బోర్డు మీది ధర వేశారు. లాభం వచ్చిందని పుస్తకం చెప్పింది. అప్పుడు పూల రైతు కూతురు, ‘మరి మేం గాబు తీసినది ఎక్కడ రాయాలి మేడమ్?’ అని అడిగింది. కాసేపాగి, ‘మా ఇంట్లో కూడా అమ్మ కోసిన కూలి ఎక్కడా రాయరు’ అంది.

ఆ ప్రశ్న దేశంలో మద్దతు ధరల లెక్క మొత్తానికి మధ్యలో ఉన్న ప్రశ్న. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ పంట ఖర్చును రకరకాలుగా కడుతుంది. రైతు చేతి నుంచి పోయే ఖర్చులు, భూమి కౌలుకు తీసుకుంటే కట్టిన కౌలుతో సహా, ఏ2 అంటారు. దానికి కుటుంబ సభ్యులు చేసిన పనికి కూలి కట్టి కలిపితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2. నేను దీన్ని డిగ్రీలో చదివి పరీక్ష రాసి మరిచిపోయాను. పద్నాలుగేళ్ల అమ్మాయి దాన్ని తన తల్లి చేతుల నుంచి అడిగింది. మర్నాడు ఈ మూడు లెక్కలూ బోర్డు మీద వేసి, మా ఒక సెంటు వంగకు మూడు పద్ధతుల్లో ఖర్చు కట్టాం. రెండో పద్ధతిలోనే లాభం పోయింది. తరగతి చాలా నిశ్శబ్దంగా ఉంది. ‘అయితే అమ్మ కూలిని లెక్కలో రాయించే చదువు ఇది’ అని ఆ అమ్మాయి అన్నప్పుడు, నాలుగు నెలల క్రితం ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు తానే చెప్పుకుందని నాకు అర్థమైంది.

ఆమెకు పూల తోట మీద ఇష్టం కలగలేదు. ఇప్పటికీ మొగ్గలు కోయడం ఇష్టం లేదనే చెబుతుంది. అందుకు పూర్తి హక్కు ఆమెకు ఉంది. వ్యవసాయం చదవడం మీద మాత్రం అభిప్రాయం మారింది. రైతు సేవా కేంద్రానికి తీసుకువెళ్లినప్పుడు అక్కడి గ్రామ వ్యవసాయ సహాయకురాలిని ఆమె అరగంటసేపు ప్రశ్నలడిగింది. పది పూర్తయ్యాక బైపీసీలో చేరింది.

కౌలు రైతు కొడుకు, నేను చేసిన తప్పు

ఈ భాగం రాయడం నాకు కష్టంగా ఉంది. ఈ బ్యాచ్‌లో వ్యవసాయాన్ని నిజంగా ప్రేమించిన పిల్లవాడు ఇతడే. ఏ సర్వే చేసినా, ఏ పద్ధతిలో అడిగినా, ఇతడి వైఖరి అన్నిటికంటే అనుకూలంగా వచ్చేది. బెండ ఆకుల ఈనెలు పసుపెక్కడం మొదలుకాగానే పల్లాకు తెగులని గుర్తుపట్టి, తెల్లదోమ దాన్ని మిగతా మొక్కలకు చేర్చకముందే ఆ మొక్కలు పీకేయమని మిగతావాళ్లకు చెప్పేవాడు.

పదో తరగతిలో, వ్యవసాయ డిగ్రీ సీట్లలో రైతుల పిల్లలకు ప్రత్యేక కోటా ఉందని తరగతి మొత్తానికి ఉత్సాహంగా చెప్పాను. ఆ కోటాకు సొంత భూమి ఉన్నట్టు పత్రం కావాలి. అది చెప్పడం మరిచిపోలేదు గానీ, ఏదో మామూలు కాగితం సంగతిలా చెప్పి ముందుకు వెళ్లిపోయాను. మర్నాడు ఆ అబ్బాయి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. ‘మా వోడికి సీటొస్తాదంట కదమ్మా, ఏటేటి కాయితాలు కావాలో సెప్పండి’ అని ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. కూర్చోమన్నాను. పట్టాదారు పాసుపుస్తకం ఉందా అని అడిగాను. ఆయన కొడుకు వైపు చూశారు. ఇరవై ఏళ్లుగా సాగు చేస్తున్న భూమిలో ఒక్క సెంటూ ఆయన పేరిట లేదు. ‘సేసేది మేమే గానీ బూమి మాది కాదమ్మా’ అన్నారు. ఆ గదిలో ఆ అబ్బాయి తల వంచుకోవడం నా వల్లే జరిగింది.

జనరల్ సీట్లు, ఇంటర్‌లో ఒకేషనల్ పంట ఉత్పత్తి కోర్సు, పాలిటెక్నిక్ దారులు వివరించాను. ఆయన అన్నీ విని తలూపారు. ఆ తరువాత ఆయన మళ్లీ రాలేదు. ఆ అబ్బాయి పది పాసై ఐటీఐలో ఫిట్టర్‌గా చేరాడు. రెండేళ్లకు పని దొరుకుతుందని, గాజువాక వైపు ఫ్యాక్టరీల్లో తెలిసినవాళ్లు ఉన్నారని ఇంట్లో నిర్ణయించారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. మన కొలమానం ప్రకారం వైఖరి ఎంత అనుకూలంగా ఉన్నా, అది చదువుగా మారాలంటే భూమి పత్రం, హాస్టల్ ఖర్చు, ఇంటికి ఎప్పటి నుంచి జీతం రావాలన్న అవసరం, ఇవన్నీ దాటాలి. పిల్లలకు ఆసక్తి లేదని సమావేశాల్లో ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఈ అబ్బాయే గుర్తొస్తాడు.

పొలం అమ్మిన ఇంటి అబ్బాయి

112 మొక్కల లెక్క చేసిన అబ్బాయి ‘మా తాత పొలంలోనే మా అపార్ట్‌మెంట్ ఉంది’ అని మొదటి రోజే గర్వంగా చెప్పాడు. తండ్రి నగరంలో ఉద్యోగం చేస్తారు. ఆ అబ్బాయి ఎప్పుడూ పొలంలో పని చేయలేదు. డ్రిప్ గొట్టాలు, తేమ కొలిచే పరికరం, మట్టి పరీక్ష అంటే చాలా ఉత్సాహం. యూనిఫాం మీద మట్టి చూసి వాళ్ల అమ్మగారు బడికి వచ్చి కోప్పడ్డారు. ‘మా మావగారు ఈ మట్టిలోంచి బయటపడడానికే పొలం అమ్మారు మేడమ్, మళ్లీ వీడిని అందులోకే దించుతారా?’ అని అడిగారు. జమాఖర్చుల పుస్తకం చూపించాను. ఆమె డిగ్రీ చదివినవారు; చాలాసేపు చూశారు. పాత యూనిఫాం విడిగా పంపుతానని చెప్పి వెళ్లారు. అబ్బాయి ఇప్పుడు ఎంపీసీ చదువుతున్నాడు. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉందని తెలుసుకుని, అక్కడ చేరతానంటున్నాడు. రెండేళ్ల తరువాత ఏమంటాడో చూడాలి.

మిగతా పిల్లలలో కూడా ఇదే వరుస చూశాను. పొలానికి దూరంగా పెరిగినవాళ్లు వ్యవసాయం చదవడానికి తొందరగా మొగ్గారు. పొలంలో పని చేసే ఇళ్ల పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఎక్కువ వెనకాడారు. రెండు సెక్షన్ల అనుభవంతో దీన్ని అందరికీ వర్తించే సూత్రంగా చెప్పలేను. అయితే వెనకాడేవాళ్లను బద్ధకస్తులుగా, నగర వ్యామోహం ఉన్నవాళ్లుగా చూడడం నేను మానేశాను. వాళ్లకు ఆ పని బరువు తెలుసు, ఆ బరువుకు ధర లేదనీ తెలుసు.

ఇప్పుడు చేస్తున్నది

కొత్త బ్యాచ్‌కు లైకర్ట్ ప్రశ్నావళి ఇవ్వలేదు. తమ్ముడికో చెల్లెలికో ఏం చెబుతారన్న ప్రశ్నతో మొదలుపెట్టాను. జమాఖర్చుల పుస్తకాన్ని జూన్‌లోనే తెరిచాం, అందులో ఇంటివాళ్ల కూలికి మొదటి పేజీ నుంచే ఒక గడి ఉంది. ఆ గడిలో ఏం రాయాలో తెలుసుకోవడానికి పిల్లలు ఇంట్లో అడగాలి, అడిగేసరికి ఇంట్లో మాటలు మొదలవుతాయి. ‘ఇన్నాళ్లూ మా అవ్వ పనిని కలపలేదు’ అని ఒక అబ్బాయి గడి పక్కన పెన్సిల్‌తో రాశాడు.

కోటాల గురించి తరగతిలో ఒకేసారి ప్రకటించడం మానేశాను. తల్లిదండ్రులను విడివిడిగా కలిసి, భూమి ఎవరి పేరిట ఉందో ముందు తెలుసుకుని, ఏ ఇంటికి ఏ దారి తెరిచి ఉందో ఆ దారి గురించే మాట్లాడుతున్నాను. పూల రైతులకు పగలు ఎండెక్కాక కొంత తీరిక దొరుకుతుంది, కూరగాయల వాళ్లు బజారు నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, కౌలు రైతులు చీకటి పడ్డాక గానీ ఇంట్లో ఉండరు. అందుకని సమావేశాన్ని బడి వేళల్లో పెట్టకుండా మూడు పూటలుగా, మూడు చోట్ల పెట్టుకున్నాం. పోయిన వారం కౌలు రైతుల పూటకు ఎనిమిది మంది వచ్చారు. వారిలో ఐటీఐలో చేరిన అబ్బాయి తండ్రి కూడా ఉన్నారు. చిన్న కొడుకు ఈ ఏడాది తొమ్మిదిలోకి వచ్చాడట. కాగితాల సంగతి ఈసారి ముందే చెప్పమని అడిగారు.